హనుమంతప్ప తుమ్మెదలు

మా మేనత్త బయమ్మ వాన పడగానే విత్తనం వేసే మనిషి కాదు. నేల పదును ఆరిపోతుందని ఊరంతా ఎద్దులను అదిలిస్తూ పొలాలకు పరుగెడుతుంటే, ఆమె ఇంటి ముందు అరుగు మీద కాళ్ళు చాపుకుని, చూరుకు వేలాడే ఒక పాత వెదురుగొట్టాన్ని చూస్తూ కూర్చునేది. 1998 జూన్‌లో అలా మూడు రోజులు కూర్చుంది.

మూడో రోజు పొద్దున లింగన్నకు ఓపిక పోయింది. అతనికి సొంత ఎద్దులూ విత్తనపు గొర్రూ ఉన్నాయి. మా అత్త మూడెకరాలు ప్రతి ఏడూ అతనే విత్తేవాడు.

"ఏం బయమ్మక్కా, పదును ఆరిపోతాండాది. గొట్టం ఇస్తావా, నన్ను పొమ్మంటావా?" అన్నాడు వీధిలోంచే.

"గొట్టంలో బిడ్డలుండారప్పా. లేసి బయటికొచ్చినాక ఇస్తా."

"నీ బిడ్డలు లేసేలోపల నా ఎద్దులు ముసలివైతాయి."

"కానీలే. నువ్వేమన్నా పడుచోనివా?"

లింగన్న గొణుక్కుంటూ ఎద్దులను వేపచెట్టుకు కట్టేశాడు. నేనూ అక్కడే ఉన్నాను. మడకశిర హైస్కూల్లో సైన్సు మాస్టరును, బడి తెరవడానికి ఇంకా వారం ఉంది. మధ్యాహ్నం దాటాక గొట్టం మూతి దగ్గర అతికించిన ఎండుటాకు బిళ్ళ కదిలింది. దాన్ని కొరికి తొలుచుకుని ఒక తుమ్మెద తల బయటపెట్టింది. ఒళ్ళంతా బూడిద రంగు, పొట్ట మీద తెల్ల చారలు. కాసేపు గొట్టం అంచున నిలబడి, రెక్కలు ఆరబెట్టుకుని, వేపచెట్టు వైపు ఎగిరిపోయింది. దాని వెనకే ఇంకొకటి. సాయంత్రానికి గొట్టం ఖాళీ అయింది. అప్పుడు దాన్ని దించి, గోడకు తట్టి దుమ్ము రాల్చి, మా అత్త లింగన్న చేతికిచ్చింది.

ఈ గొట్టం సంగతి చెప్పాలి. మా వైపు రాగి గానీ వేరుశనగ గానీ పొలం నిండా ఒట్టిగా వేసే అలవాటు పూర్వం లేదు. ఏడెనిమిది సాళ్ళకు ఒక సాలు కలగలుపు గింజలు వేసేవాళ్ళు. కంది, అనుము, అలసంద, ఉలవ, నువ్వులు, వెర్రినువ్వులు, ఆముదం, ఇంట్లో ఏముంటే అవి. దాన్ని అక్కిడి సాలు అంటారు. గొర్రు వెనక తాడుతో ఒక వెదురుగొట్టం కట్టి, దాని మూతిలోకి పిడికిలితో గింజలు జారవిడుస్తూ ఆడమనిషి నడవాలి. ఆ సాలులో పండింది ఆమెదే, మొగవాడు అడగకూడదు. పెళ్ళయిన మొదటి ఏడు మొగుడు పెళ్ళానికి సొంత గొట్టం కోసివ్వడం మా ఊరి ఆనవాయితీ. మా మామ హనుమంతప్ప ఎక్కడెక్కడో తిరిగి, బొటనవేలు పట్టేంత బోలున్న వెదురు తెచ్చి, గింజ తట్టుకోకుండా లోపలంతా కాల్చి నునుపు చేసి ఇచ్చాడు.

విత్తడం అయిపోయాక దాన్ని ఒక చివర గుడ్డతో బిరడా పెట్టి చూరుకు వేలాడదీసేవాళ్ళు. మొదటి ఏడే అందులో తుమ్మెదలు చేరాయట. ఇవి తేనె ఇచ్చే రకం కాదు, పట్టు కట్టవు, గుంపుగా బతకవు. ఒక్కో తల్లి ఒంటరిగా వచ్చి, ఆకులను గుండ్రంగా కత్తిరించుకుని, గొట్టంలో చుట్టి చిన్న గది చేస్తుంది. పూల పొడినీ కాస్త తేనెనూ కలిపి ముద్ద చేసి ఆ గదిలో పెడుతుంది. ముద్ద మీద ఒక గుడ్డు పెట్టి, ఆకు బిళ్ళతో మూసేస్తుంది. తర్వాత ఇంకో గది. అంతే. తన బిడ్డ మొహం ఆ తల్లి ఎప్పటికీ చూడదు. లోపలి పురుగు ఆ ఒక్క ముద్ద తినే పెరగాలి, రెండోసారి వడ్డించేవాళ్ళు లేరు. ఎండాకాలమంతా లోపల నిద్రపోయి, తొలి వానలకు రెక్కలతో బయటికి వస్తాయి.

కొత్త పెళ్ళికూతురు గొట్టం దించబోతే మా మామ ఆపాడట. "పోనీలే, పిల్లతల్లి ఇల్లు. అవి పోయినాక మనం ఎత్తుదాం" అన్నాడట. ఆ మాట ముప్పై ఏళ్ళు నిలిచింది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఊళ్ళో ఎవరైనా ఆ ఊసెత్తితే మామ గొట్టం చూపించి, "మాకేం తక్కువ, ఏటా కాన్పే" అనేవాడు. అత్త పైకి విసుక్కునేది గానీ లోపల్లోపల మురిసిపోయేది.

1997లో కామెర్లు వచ్చి మామ పోయాడు. మనిషి చేతి గుర్తులంటూ ఇంట్లో పెద్దగా మిగల్లేదు, ఫోటో కూడా లేదు. మిగిలింది ఆ గొట్టం, అందులోంచి ఏటా లేచే తుమ్మెదలు. అవి ఆయన చూసిన తుమ్మెదల పిల్లల పిల్లలని మా అత్త లెక్క. "ఇవి ఆయప్ప ముందర ఎగిరినవాటి వంశం రా. ఇవి వస్తాండేదాకా ఆయన పూర్తిగా పోయినట్టు గాదు" అని నాతో ఒకసారి అంది. నేను సైన్సు మాస్టరునైనా ఆ మాటకు అడ్డం చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, ఒక రకంగా నిజమే.

కానీ ఆ వంశం పలచబడుతూ ఉంది. 1998 చివర గొట్టంలో నాలుగే గదులు పడ్డాయి. ఒకప్పుడు మూతి దాకా నిండేది. మా అత్త ఒక్కతే అక్కిడి సాళ్ళు వేస్తోంది, చుట్టూ కనుచూపు మేర వేరుశనగ. గట్ల మీద తంగేడు కొట్టేశారు, కలుపు పూలను కూడా ఉండనివ్వడం లేదు. వేరుశనగ పువ్వులో ఆ తుమ్మెదలకు దొరికేది తక్కువ. ఒక్క మనిషి పొలంలోని నాలుగు సాళ్ళు ఎన్ని నోళ్ళకు సరిపోతాయి?

"యాడ పోయినాయప్పా నా బిడ్డలు?" అని ఆమె దిగులుగా అడిగింది.

అప్పుడు నాకు తెలివి పుట్టింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి మొరాయిస్తుంది.

"వాటికి కావాల్సింది పూలే కదత్తా. మూడెకరాలూ పొద్దుతిరుగుడు వెయ్యి. పొలమంతా పువ్వే. పక్కూళ్ళ తుమ్మెదలు కూడా నీ ఇంటికే వస్తాయి" అన్నాను.

"అంతా ఒకటే పువ్వా?"

"ఏ పువ్వైతే ఏముంది? పువ్వు పువ్వే."

ఆమె చూరు కింద గొట్టం వైపు చూసింది. అక్కిడి వెయ్యకుండా తను ఒక్క ఏడూ గడపలేదు. కానీ నేను చదువుకున్నవాణ్ణి, నా మాట మీద ఆమెకు గురి. పైగా ఆమెకు పొలం పంట కాదు, గొట్టం నిండడం కావాలి. సరేనంది.

పొలంలో జాగా లేనప్పుడు అక్కిడి గింజలెందుకు, పురుగు పట్టిపోతాయి అని కూడా నేనే అన్నాను. బూడిద కలిపి కుండలో దాచిన గింజలన్నీ కడిగి ఒక మధ్యాహ్నం గుగ్గిళ్ళు చేసింది. ఎండుమిరపకాయ, తెల్లగడ్డ తాలింపు. నేను రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను. ఆ రుచి గుర్తొచ్చే, ఇప్పటికీ ఎవరైనా అనుములు వడ్డించబోతే వద్దంటాను.

1999లో పొద్దుతిరుగుడు బాగా పూచింది. మడకశిర నుంచి వచ్చే బస్సు మలుపు తిరగగానే మా అత్త పొలం పసుపు ఆరేసినట్టు కనిపించేది. తుమ్మెదలు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. పొద్దున్నే తెల్ల చారల పొట్టల కింద పసుపు పొడి అంటించుకుని గొట్టంలోకి దూరేవి, మళ్ళీ పోయేవి. గొట్టం మూతి దాకా నిండింది. నేను వెళ్ళిన ప్రతి ఆదివారం ఆమె నన్ను చెయ్యి పట్టుకుని గొట్టం కిందికి లాక్కుపోయేది.

"సూడు, సూడు. మీ మామ ఉండిన కాలంలో కూడా ఇన్ని ల్యా" అనేది. మామ పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. నాకు ఒళ్ళంతా గర్వంగా ఉండేది.

2000 జూన్‌లో వాన పడింది. అత్త అరుగు మీద కూర్చుంది. నాలుగో రోజు మూతి దగ్గర ఆకు బిళ్ళ తొలుచుకుని ఒకటి వచ్చింది. నేను మొదట ఇంకేదో ఈగ అనుకున్నాను, అంత చిన్నది. పొట్ట మీద తెల్ల చారలు మాత్రం ఉన్నాయి. రెక్కలు విప్పబోయి గోడ మీద పడింది. అక్కడే కాసేపు పాకి, గాలికి నేల మీద పడిపోయింది. రెండోది ఎగిరింది గానీ అదీ చిన్నదే. మూడోది రాలేదు. వారం చూశాం, పదిహేను రోజులు చూశాం. నిండా కిక్కిరిసిన గొట్టంలోంచి రెండంటే రెండు.

"ఏమైనాదప్పా?" అని ఆమె నన్నడిగింది. నేల మీద పడ్డదాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగింది.

అనంతపురం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే విజయభాస్కర్ నా పాత క్లాస్‌మేటు. బస్సెక్కి పోయి అతన్ని అడిగాను. అంతా విని అతను ఒకటే ప్రశ్న వేశాడు.

"చుట్టుపక్కల ఇంకే పూలూ లేవా?"

"లేవు."

"అయితే అదే. పొద్దుతిరుగుడులో తేనె ఉంటాదప్పా, తల్లికి ఏం లోటు ల్యా. బిడ్డ తినేది పుప్పొడి. అన్ని పుప్పొళ్ళూ ఒకటి గాదు. ఈ పువ్వు పొడిలో సత్తువ తక్కువ, కొన్ని జాతుల బిడ్డలకు అదొక్కటే పెడితే ఒంటికి పట్టదు. కొన్ని గిడసబారతాయి, కొన్ని లోపలే సచ్చిపోతాయి. కందిపువ్వు, అనుంపువ్వు, నువ్వుపువ్వు అన్నీ కలిసి ఉంటే ఒకదాంట్లో లేనిది ఇంకొకటి ఇస్తాది. మీ అత్త ఎనకటి నుంచి ఏసే సాళ్ళే వాటికి సరైన తిండి. ఎవరు మాన్పించినారు?"

నేను చెప్పుల్లో కాళ్ళు దూర్చాను. లేచి వస్తుంటే అతను ఇంకో మాట అన్నాడు. కరువు నేలల్లో కొన్ని తుమ్మెదలు ఒక ఏడు లేవకుండా, మరుసటేడు దాకా లోపలే నిద్రపోవడం కూడా ఉంటుందట. "అరుదులే" అని కూడా అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ రెండు మాటల్లో ఏది చెప్పాలో తేల్చుకున్నాను. నేను పిరికివాణ్ణి. ఇంటికి పోయి, "అవి చావలేదత్తా, నిద్రపోతున్నాయంట. వచ్చే ఏడు లేస్తాయంట" అన్నాను. ముద్ద సంగతి చెప్పలేదు. నా వల్లే అన్న సంగతి చెప్పలేదు. "అరుదులే" అన్న చిన్న మాటను కూడా మింగేశాను.

ఆమె మొహం విప్పారింది. "నిద్రపోనీ, పాపం. నేను కాచుకుంటా" అంది.

కాచుకుంది. ఒక ఏడు కాదు, మూడేళ్ళు. గొట్టం దించితే లోపలివి నలిగిపోతాయని దించలేదు. ఆ గొట్టం లేకుండా అక్కిడి వేసేది లేదంది, వేద్దామన్నా గింజల కుండ ఖాళీ. పొలం లింగన్నకు అప్పజెప్పింది, అతను వేరుశనగ వేశాడు. ప్రతి జూన్‌లో తొలి వానకు ఆమె అరుగు మీద చేరేది. చూపు మందగించింది, కళ్ళలో పొర పెరుగుతోంది. అయినా గొట్టం దగ్గర చెవి పెట్టి వినేది. "ఏదో గీరినట్టు వినపడ్తాండాది, నువ్వు విను" అని నన్ను పిలిచేది. నేను చెవి పెట్టి, "అవునత్తా" అనేవాణ్ణి. గాలికి ఎండుటాకు రాసుకున్న చప్పుడు అది.

2003లో వాన కూడా సరిగా పడలేదు. ఆమె అరుగు మీద కూర్చుని, "ఈ తూరి లేస్తారులే. లేకుంటే ఆయప్ప ఊరుకుంటాడా" అంది. నాకిక తట్టుకునే శక్తి లేకపోయింది. అరుగు కింద నేల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. పుప్పొడి ముద్ద, విజయభాస్కర్ మాట, నేను దాచింది, అంతా.

ఆమె గొట్టం వైపు మొహం తిప్పింది.

"మూన్నేండ్లా?" అంది. "సచ్చినోళ్ళ పక్కన కూసోని మూన్నేండ్లు కాపలా కాసినానా?"

"అత్తా..."

"ఒకటి బతికి ఎగిరిపాయ గదా ఆ పొద్దు. అది యాడో ఆకలితో తిరుగుతాండింటాది. నువ్వు ఆ పొద్దే చెప్పింటే ఆ సంవత్సరమే నాలుగు గింజలు సంపాయించి ఏసుండేదాన్ని. దానికన్నా తిండి దొరికేది. నా కండ్ల ముందర నువ్వు మంచోనివి కావల్ల, అంతేనా? ఆయన తుమ్మెదల్ని సంపిండేది పొద్దుతిరుగుడు గాదు రా, నీ నోరు."

ఆమె లేచి, తడుముకుంటూ గొట్టం దించింది. సన్నపుల్లతో నెమ్మదిగా లోపలిది బయటికి తీసింది. ఆకు గదులు ఒక్కొక్కటి విప్పితే లోపల సగం తిన్న పసుపు పిండి, దాని మీద వడలి ఎండిపోయిన పురుగు. అన్నింట్లోనూ అదే. అన్నం ముందర కూర్చుని ఆకలితో చచ్చిన బిడ్డలు అవి. ఆమె వాటిని కొంగులో మూట కట్టుకుని పొలానికి పోయి మట్టిలో కప్పిపెట్టింది. నన్ను వెంట రావద్దంది.

రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం, లింగన్న బస్సెక్కిస్తే మడకశిర వచ్చి, మా ఇంటి ముందు సంచి పట్టుకుని నిలబడి, "బస్సు నంబర్లు అగపడవు నాకు. నాతో రా" అంది. గింజల కోసం ఊళ్ళు తిరిగాం. ఎక్కడా లేవు, అందరివీ మాలాగే కుండలు ఖాళీ. కడకు గోరంట్ల దగ్గర ఒక పల్లెలో కదిరమ్మ అనే ముసలామె అటక మీద నుంచి బూడిద కుండ దించింది. ఎర్ర అనుము, కంది, చిట్టి ఉలవ, వెర్రినువ్వులు, మేం మరిచిపోయిన ఇంకో రెండు రకాలు. కలిపి దోసెడు పోసింది.

"యాటికి ఇవి, ఈ కాలంలో?" అని అడిగింది కదిరమ్మ.

"తుమ్మెదలకు" అంది మా అత్త. కదిరమ్మ నవ్వలేదు. ఇంకో దోసెడు పోసింది.

2004 జూన్‌లో లింగన్న గొర్రు కట్టాడు. అప్పటికి ఊళ్ళో చాలామంది ట్రాక్టరుకు మారిపోయారు, అతను కూడా ఎద్దులను అమ్మేద్దామనుకుంటున్నాడు. "నీ కోసం ఇంకొక్క ఏడు పెట్టుకుంటా బయమ్మక్కా" అన్నాడు. ఆమె మామ గొట్టంలో గింజలు జారవిడుస్తూ పొలమంతా నడిచింది. చూపు ఆనకపోయినా ఆ పిడికిలికి ఎన్ని గింజలు వదలాలో తెలుసు. నెలల తర్వాత ఆ సాళ్ళలో ఒకదాని వెనక ఒకటి పూలు వచ్చాయి. వెర్రినువ్వుల పసుపు పోయేలోపు అనుముల ఊదా, అది పోయేలోపు కంది.

గొట్టంలో మళ్ళీ ఆకు బిళ్ళలు పడ్డాయి. వేలితో తడిమి చూసుకుని ఆమె నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళిన రెండు ఆదివారాలూ ముసురు, ఒక్క తుమ్మెదా బయటికి రాలేదు. ఆమెకు రెక్కల చప్పుడు వినబడింది గానీ మనిషి మొహమే సరిగా కనబడని కళ్ళకు తుమ్మెద పొట్ట ఏం కనబడుతుంది? "ఆ పొద్దు ఎగిరిపోయిందే, దాని బిడ్డలే అయ్యింటాయి. తిరిగొచ్చినాయి" అంది. శీతాకాలమంతా అదే మాట. ఎండాకాలమంతా అదే మాట. నేను ఎన్నో ఏళ్ళ తర్వాత దేవుడికి దండం పెట్టుకున్నాను.

2005 జూన్‌లో మంచి వాన పడింది, లింగన్న ఎద్దులను ఇంకా అమ్మలేదు. మూడో రోజు పొద్దున ఆకు బిళ్ళ కదిలింది. ఆమె అరుగు మీది నుంచి లేచి నిలబడి, నా భుజం గట్టిగా పట్టుకుంది.

ఒకటి బయటికి వచ్చింది. ఒడ్డూ పొడుగూ ఉన్న తుమ్మెద, నిండైన రెక్కలు. అంచున నిలబడి ఒళ్ళు దులుపుకుంది. వెనకే ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ ఆరోగ్యంగా, బలంగా ఉన్నాయి.

"పెద్దవేనా?"

"పెద్దవే అత్తా. బాగున్నాయి."

"పొట్ట మీద తెల్ల చారలుండాయా? బాగ సూడప్పా, నీ కండ్లు మంచివి."

చూశాను. పొట్ట నిండా ఇటుకపొడి రంగు నూగు. తెల్ల చార లేదు. ఇంకోటి వచ్చేదాకా ఆగాను, దాని తర్వాత దాని కోసం ఆగాను. ఒక్కటైనా ఉంటుందేమోనని సాయంత్రం దాకా, గొట్టం ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఆమె నా భుజం వదల్లేదు. ఉన్నాయని అంటే చాలు, ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"లేవత్తా" అన్నాను. "ఇవి వేరే జాతివి. మామవి కావు."

ఆమె చెయ్యి నా భుజం మీద అలాగే ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఎగిరిపోయిన వాటి రొద వేపచెట్టు దగ్గర ఇంకా వినబడుతోంది, కాసేపు అటే మొహం పెట్టి నిలబడింది.

"యాడివో ఏమో. ఆకలితో వచ్చినాయి" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గొట్టం దించి గోడకు తట్టింది. "లింగన్నను ఎద్దులు కట్టమను పో."